ఈగ పుట్టిల్లు ఎక్కడ?

డిసెంబరు వచ్చిందంటే మా అపార్ట్‌మెంట్‌లోకి రెండు దిగుతాయి. అటక మీంచి రగ్గులు, ఎక్కణ్నుంచో ఈగలు. రగ్గుల సంగతి అందరికీ తెలుసు. ఈగలు ఎక్కణ్నుంచి వస్తున్నాయన్న దాని మీదే గొడవంతా. కిందటి చలికాలంలో ఆ గొడవ పెరిగి పెరిగి ఒక మనిషి పొట్ట మీదికి వచ్చింది. ఈగ ఎంత, దాని బతుకెంత అనుకుంటాం కానీ, అది తలచుకుంటే ఒక కుటుంబాన్ని రోడ్డు మీంచి కూడా లేపేయగలదని నాకప్పుడే తెలిసింది.

మేముండేది అమీర్‌పేటకీ పంజగుట్టకీ మధ్య ఒక గల్లీలో. ఇటు నడిస్తే మైత్రీవనం, కోచింగ్ సెంటర్ల బ్యానర్లు. అటు నడిస్తే నిమ్స్ ఆసుపత్రి, దాని ముందు కోసిన బొప్పాయి ముక్కలమ్మే బళ్లు. ఒకప్పుడు ఆ బ్యానర్ల మీద జావా, డాట్‌నెట్ అని ఉండేవి. ఇప్పుడు పైథాన్, డేటా సైన్స్ అని ఉంటున్నాయి. 2017లో మెట్రో వచ్చింది. రెండు లైన్లు కలిసే స్టేషన్లలో మా అమీర్‌పేట ఒకటి. ఎన్ని మారినా మారనివి రెండే... హాస్టళ్లు, పొద్దున్నే హాస్టల్ పిల్లలు మూగే టిఫిన్ బళ్లు.

మా గేటుకు పదడుగుల దూరంలో అలాంటి బండి ఒకటుంది. నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒకక్క నడుపుతుంది. తెల్లవారుజామున ఐదున్నరకి స్టవ్ వెలిగిస్తే పదకొండుకల్లా అన్నీ సర్దుకుని వెళ్లిపోతుంది. ఇడ్లీ, వడ, మైసూర్ బజ్జీ, దోశ. పల్లీ చట్నీ, అల్లం చట్నీ. భర్త పిండి రుబ్బించుకొస్తాడు, ప్లేట్లు కడుగుతాడు. ఆ బండి మీద వాళ్ల అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరంలోకి వచ్చింది.

మీటింగులో ముద్దాయి

మొదటి అంతస్తులో ఉండే పెద్దాయన మనవడికి మూడేళ్లు. డిసెంబరు రెండో వారంలో పిల్లాడికి విరేచనాలు పట్టుకున్నాయి. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి సెలైన్ ఎక్కించారు. వాడు ఇంటికొచ్చిన మర్నాడే సెల్లార్‌లో అసోసియేషన్ మీటింగు.

"ఈగల వల్లేనండీ" అన్నాడు పెద్దాయన. గొంతు వణుకుతోంది. "ఆ బండి దగ్గర ముసిరి, తిన్నగా మా కిటికీలోంచి లోపలికొస్తున్నాయి. పసివాడండీ... ఏమైనా అయితే?"

ఆ మాటకి ఎదురు చెప్పేవాళ్లు ఎవరుంటారు? మూడో అంతస్తు ఆంటీ లేచి తన బాత్‌రూమ్ గోడల నిండా ఈగలేనంది. నాలుగో అంతస్తు ఆయన అరటిపళ్ల మీది ఈగల సంగతి చెప్పాడు. అందరి వేళ్లూ గేటు వైపే. బండి తీయించాలని అర్జీ రాసి, అందరితో సంతకాలు పెట్టించి, సోమవారం ఇచ్చి రావాలని తీర్మానం.

నేను అద్దెకుంటున్నదాన్ని. మా అసోసియేషన్‌లో అద్దెవాళ్లకి చాయ్ ఇస్తారు కానీ ఓటివ్వరు. అయినా చాయ్ గ్లాసు కింద పెట్టి అడిగాను. "అంకుల్, సంతకాలు ఒక్క వారం ఆపుతారా? ఈగలు అక్కడే పుడుతున్నాయో లేదో చూసి చెబుతాను."

ప్రెసిడెంటు గారు నవ్వారు. "చూడ్డానికేముందమ్మా? కళ్ల ముందు కనబడుతోంటే!"

జర్నలిజం డిప్లొమా చేసేటప్పుడు మా సారు ఒక మాట చెప్పేవారు. కనబడిన చోటు వేరు, జరిగిన చోటు వేరు, రెండో చోటికి వెళ్లినవాడే విలేకరి అని. ఆ మాటే చెప్పాను. పేపరు వాళ్లతో ఎందుకనుకున్నారో ఏమో, వారం గడువిచ్చారు.

ఆ సాయంత్రమే సంగతి బండి అక్క చెవిన పడింది. మర్నాడు ఇడ్లీ పెడుతూ తలెత్తకుండానే అంది. "ఈగలకు నేనేమన్న చీటీ పెట్టి పిలుస్తున్ననా మేడమ్? నా బండికాడ తింటున్నయేమో గని, పుట్టేది మీ ఇంట్లనే."

అది కోపంతో అన్న మాటో, కన్నీళ్లు ఆపుకోడానికి అన్న మాటో తెలియదు. కానీ వెతకాల్సిన ప్రశ్నను నాకు ఒక్క ముక్కలో అందించింది. ఈగ తినే చోటు కాదు, ఈగ పుట్టిల్లు ఎక్కడ?

చలికి ఎక్కడికి పోతాయి?

మన ఇళ్లలో తిరిగే మామూలు ఈగకు శాస్త్రీయ నామం మస్కా డొమెస్టికా. 1758లో లిన్నేయస్ పెట్టిన పేరది. డొమెస్టికా అంటే ఇంటిది అనే! దాని కాపురం గురించి చదువుతుంటే రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

ఆడ ఈగ ఒక్కో దఫా వందకు అటూ ఇటూగా గుడ్లు పెడుతుంది. జీవితం మొత్తమ్మీద అయిదారు వందలు. కుళ్లుతున్న తడి చెత్త, పేడ, పెంట... ఇవే దాని పురిటి గదులు. గుడ్డు ఒక్క రోజు లోపే పగిలి తెల్లటి పురుగు బయటికొస్తుంది. అది ఆ కుళ్లునే తింటూ వేసవిలో అయితే నాలుగైదు రోజుల్లో పెరుగుతుంది. పెరిగాక తడి వదిలి, పొడిగా ఉన్న చోటు వెతుక్కుంటూ పాకి పోతుంది. అక్కడ గట్టి గోధుమరంగు తొడుగులో ముడుచుకుని, రెక్కలతో బయటికొస్తుంది. మండుటెండల్లో గుడ్డు నుంచి ఈగ దాకా ఎనిమిది నుంచి పది రోజులు చాలు. చలిలో అదే పని మూడు వారాలూ పట్టొచ్చు, ఇంకా ఎక్కువా పట్టొచ్చు.

మరి చలికాలంలో ఇన్ని ఈగలేమిటి?

మన చలి ఈగను చంపే చలి కాదు. హైదరాబాద్‌లో డిసెంబరు రాత్రి 15 డిగ్రీల దగ్గరికి పడినా, మధ్యాహ్నం 28 దాకా వెళ్తుంది. పొద్దున్నా రాత్రీ చలికి ఈగ బద్ధకిస్తుంది. వెచ్చటి చోటు వెతుక్కుంటుంది. వంటింటి కప్పు, ట్యూబ్‌లైట్ తీగ, దండెం తాడు, ఫ్యాన్ కడ్డీ... రాత్రి నిద్ర వీటి మీదే. మీ ఇంట్లో ఈ చోట్ల సన్నటి నల్ల చుక్కలుంటే అవి దాని రెట్టలని గుర్తు. వేసవిలో ఊరంతా తిరిగే ఈగ చలికి ఇల్లు పట్టుకుని ఉంటుంది. అందుకే తక్కువ ఉన్నా ఎక్కువ కనబడుతుంది.

రెండోది ఇంకా ముఖ్యం. కుళ్లే చెత్త తనంతట తానే వేడెక్కుతుంది. ఊరికి చలేసినా చెత్త డబ్బాకి చలెయ్యదు. దాని లోపల ఎప్పుడూ వేసవే!

అమెరికా ఈగ తీరు వేరు

ఈ వెతుకులాటలో ఉండగానే మిషిగన్‌లో ఉండే మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. ఈగల మీద పరిశోధన చేస్తున్నానంటే పడీ పడీ నవ్వి, "మా అటకలోనూ ఉన్నాయే, బయట మంచు, లోపల ఈగలు!" అంది.

అక్కకు పట్టుకున్నది వేరే జాతి. దాన్ని అక్కడ క్లస్టర్ ఫ్లై అంటారు, అంటే గుంపు ఈగ. మన ఈగ కన్నా కాస్త పెద్దది, మందకొడిది, వీపు మీద బంగారు రంగు నూగు ఉంటుంది. దాని పిల్లలు పెరిగేది చెత్తలో కాదు, నేలలోని వానపాముల్ని తిని. చలి మొదలవకముందే పెద్ద ఈగలు గోడల సందుల్లోంచి, చూరు కిందనుంచి దూరి అటకల్లో చేరి గుంపుగా నిద్రపోతాయి. మధ్యలో ఎండ కాసిన రోజున మేలుకుని కిటికీ అద్దాల మీద దేవులాడతాయి. గుడ్లు పెట్టవు, తిండి మీద వాలవు, వసంతం రాగానే బయటికి పోతాయి. అక్కడివాళ్లు వేసవి చివర్లోనే సందులన్నీ పూడ్చుకుంటారు. లోపలికొచ్చిన వాటిని వ్యాక్యూమ్ క్లీనర్‌తో లాగేస్తారు. అంతకు మించి చేసేదీ లేదు, భయపడేదీ లేదు.

ఆ ఫోనుతో నాకు తేడా అర్థమైంది. అక్క ఇంటి ఈగ చలికి తలదాచుకోడానికి వచ్చిన చుట్టం. ఇంట్లో పుట్టదు, ఇంట్లో పెరగదు. మన ఈగకు శీతాకాలం నిద్ర లేదు. అది మన దగ్గర ఏడాది పొడుగునా కాపురం చేస్తుంది. చుట్టాన్ని ఆపాలంటే తలుపు వేయాలి. కాపురమున్నవాళ్లని పంపాలంటే ఇల్లు ఖాళీ చేయించాలి.

సెల్లార్‌లో దొరికిన సాక్ష్యం

ముందు బండి దగ్గరే మొదలుపెట్టాను. మూడు రోజులు పొద్దున ఐదున్నర నుంచి పదకొండు దాకా వచ్చీపోతూ చూశాను. ఈగలున్నాయా? ఉన్నాయి. చట్నీ గిన్నె మీద, ఎంగిలి ప్లేట్ల సంచి మీద. కానీ పదకొండు దాటాక అక్కడ మిగిలేది తడిసిన రోడ్డు మాత్రమే. పిండి గిన్నెలు, ఎంగిలి సంచి, బకెట్లు అన్నీ బండితోపాటే వెళ్లిపోతాయి. పురుగు ఈగ కావాలంటే ఒకే చోట రోజుల తరబడి తడి కుళ్లు ఉండాలి. ఐదున్నర గంటలు నిలబడే బండి కింద ఈగ పురుడు పోసుకోలేదు.

ఆ ఆదివారం ఊళ్లో పెళ్లని బండి రాలేదు. ఈగలు వచ్చాయి. సంబరంగా ప్రెసిడెంటు గారికి చెబితే ఆయన కొట్టిపారేశారు. "ఈగ ఒక్క రోజులో చస్తుందా అమ్మా? నిన్నటి ఈగలే ఇవాళా ఉంటాయి." నిజమే. పెద్ద ఈగ రెండు మూడు వారాలు బతుకుతుంది. రిటైరైన బ్యాంకు ఆఫీసరు కదా, లెక్కలో తప్పు పట్టనివ్వరు.

ఇక మిగిలింది సెల్లార్. వాచ్‌మన్‌ని వెంటబెట్టుకుని టార్చిలైటుతో వెళ్లాను. ర్యాంపు కింద మెట్ల మూలన రెండు పెద్ద నీలం డ్రమ్ములుంటాయి. ఇరవై ఫ్లాట్ల చెత్త అందులోకే. రోజూ పొద్దున పైనున్న కవర్లు పోతాయి. అడుగున చిరిగిన కవర్లలోంచి కారిన గంజి, కూర, తొక్కలు కలిసిన బురద మాత్రం అలాగే ఉండిపోతుంది. డ్రమ్ము బరువు, వంచడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఎవరు వంచుతారు?

ఆ రోజు వంచాం. అడుగున జానెడు మందాన బురద... మెల్లగా కదులుతోంది. తెల్లటి పురుగులు, ఒకదాని మీద ఒకటి. డ్రమ్ముకి కింద చిన్న పగులు. ఆ పగులు పక్కనే ఎవరో వదిలేసిన మట్టి కుండీలు. కుండీల్లోని పొడి మట్టిని పుల్లతో కదిపితే ఎర్ర బియ్యపు గింజల్లా తొడుగులు. కొన్ని గట్టిగా, నిండుగా. కొన్ని మూత ఊడి ఖాళీగా. ఖాళీ అయినవన్నీ మా వంటిళ్లలో తిరుగుతున్నాయి!

వాచ్‌మన్ ముక్కుకి తువ్వాలు కట్టుకుని, "బండామె ఉత్తగనే మాట పడింది మేడమ్" అన్నాడు.

మూడు ఈగలు... మూడు చిరునామాలు

సెల్లార్ నుంచి పైకెక్కాను. మూడో అంతస్తు ఆంటీ బాత్‌రూమ్‌లో గోడకి అంటుకున్నవి అసలు ఇంటి ఈగలే కావు. చిటికెన వేలి గోరులో సగం కూడా లేవు. రెక్కలు గుండె ఆకారంలో, సన్నటి నూగుతో చిన్న సీతాకోకల్లా ఉంటాయి. తరిమితే ఎగరలేక గెంతుతాయి. వీటిని డ్రెయిన్ ఫ్లైలంటారు. పుట్టేది నహానీ ట్రాప్ లోపల గొట్టానికి పట్టిన జిగురు పొరలో. సబ్బు, నూనె, వెంట్రుకలు కలిసి పట్టే పాచి అది. ఫినాయిలు పోసినా, మరిగే నీళ్లు పోసినా ఆ జిగురు కింద పురుగు భద్రంగా ఉంటుంది. గట్టి బ్రష్‌తో గోకి పాచి లాగేస్తేనే దాని ఇల్లు కూలుతుంది.

ఏ రంధ్రంలోంచి వస్తున్నాయో తెలుసుకోడానికి ఒక చిట్కా ఉంది. రాత్రి పడుకునే ముందు జాలీ మీద టేపు ముక్కని జిగురు కిందికి ఉండేలా అడ్డంగా అంటించండి, కాస్త గాలి ఆడేలా. పొద్దున్న టేపుకి ఈగలు అంటుకుని ఉంటే దొంగ దొరికినట్టే. ఆంటీ ఇంట్లో వాడకంలో లేని రెండో బాత్‌రూమ్‌లో దొరికాడు.

నాలుగో అంతస్తు ఆయన అరటిపళ్ల మీద మూగేవి మూడో రకం. ఎర్ర కళ్ల బుల్లి ఈగలు, డ్రోసోఫిలా. వీటి చుట్టాల మీద పరిశోధన చేసే మోర్గాన్‌కి 1933లో నోబెల్ వచ్చింది. మాగిన పండు, పులిసిన పిండి, తడి మాపు గుడ్డ వీటికి చాలు. ఆయన ఫ్రిజ్ వెనక ఎప్పుడో దొర్లిపోయిన సీతాఫలం ఒకటి బయటపడింది. గ్లాసులో కాస్త వెనిగర్ పోసి ఒక్క చుక్క గిన్నెల సబ్బు కలిపి పెడితే మిగిలినవి అందులో పడ్డాయి.

ఒకటి చెత్తది, ఒకటి గొట్టానిది, ఒకటి పండుది. మూడింట్లో ఒక్కటీ బండిది కాదు.

మరి పిల్లాడి సంగతి? దానికి మాత్రం సూటి జవాబు లేదు. ఈగ గట్టి పదార్థం తినలేదు. వాలిన చోట ఉమ్మి కక్కి, కరిగించి పీలుస్తుంది. కాళ్ల నూగుకీ పొట్టలోకీ అంటిన క్రిములు టైఫాయిడ్, కలరా, రక్త విరేచనాలు మోసుకొస్తాయి. పాకిస్తాన్ పల్లెల్లో ఈగల్ని అదుపు చేస్తే, ఈగల కాలంలో పిల్లల విరేచనాలు సుమారు 23 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. తక్కువేం కాదు. కానీ మిగతాదంతా నీళ్లు, చేతులు, గిన్నెలు, ఇంకా వేరే దారుల్లో వస్తోందనే కదా అర్థం? పెద్దాయనకి ఈ మాటే మెల్లగా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "డ్రమ్ములు మా కిటికీ కిందే ఉన్నాయమ్మా" అన్నాడు.

ఇక్కడికి దగ్గర్లోనే...

మా ఇంటికి ఆటోలో పోయేంత దూరంలో బేగంపేటలో ఒక పాత భవనం ఉంది. 1897 ఆగస్టు 20న అక్కడే రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. కోసిన దోమ ముక్కలు ఎగిరిపోతాయని పంకా కూడా వద్దనుకుని, చెమటలు కక్కుతూ మైక్రోస్కోపు ముందు కూచున్నాడట. 1902లో నోబెల్ వచ్చింది. ఆ తర్వాత ఆయన ఊరూరా చెప్పింది దోమను చంపడం గురించి కన్నా, దోమ పుట్టే నీటిగుంటను పూడ్చడం గురించే.

దానికి భిన్నంగా వెళ్లినవాళ్లూ ఉన్నారు. 1905 ప్రాంతంలో అమెరికాలోని కాన్సాస్‌లో క్రంబైన్ అనే ఆరోగ్యాధికారి ఈగను కొట్టండంటూ ఉద్యమం నడిపాడు. ఇప్పుడు మనం వాడే ఈగల బ్యాటు ఆ ఉద్యమంలోంచే ప్రచారంలోకి వచ్చింది. 1958లో చైనా ఈగ, దోమ, ఎలుక, పిచ్చుకల మీద యుద్ధం ప్రకటించింది. పిచ్చుకలు పోయాక పంటల మీద పురుగులు పడ్డాయి. డీడీటీ వచ్చినప్పుడు ఇక ఈగల కథ ముగిసిందనుకున్నారు. 1946కే స్వీడన్‌లో డీడీటీకి చావని ఈగలు కనిపించాయి. పది పదిహేను రోజులకో తరం పుట్టే ప్రాణి మందుకు అలవాటు పడటానికి ఎంతసేపు?

మన హోటళ్లలో నీళ్లు నింపిన ప్లాస్టిక్ కవర్లు గుమ్మానికి వేలాడదీస్తారు చూడండి. ఈగ దాని మెరుపుకి భయపడుతుందని నమ్మకం. మా గల్లీలోనే ఒక హోటల్లో ఆ కవరు మీదే వాలి ఉంటుంది. కరెంటు బ్యాటు, నీలం లైటు ఉన్న యంత్రం పని చేస్తాయి కానీ, ఈగ చిట్లి ముక్కలు చుట్టూ పడతాయి. వంటగట్టు పైన మాత్రం పెట్టకండి.

సంక్రాంతి గడువు

వారం తర్వాత మీటింగులో డ్రమ్ము ఫోటోలు చూపించాను. ఎవరూ చాయ్ తాగలేదు. అర్జీ మాత్రం చింపలేదు. సంక్రాంతి దాకా చూద్దామన్నారు ప్రెసిడెంటు గారు.

పగిలిన డ్రమ్ములు పోయి మూతలున్న చిన్న డబ్బాలు వచ్చాయి, ఒక్కడే వంచగలిగేంతవి. వాటిని కిటికీ కిందినుంచి తీసి ఎండ పడే ర్యాంపు అంచున పెట్టారు. రోజూ ఖాళీ, రెండు రోజులకోసారి కడిగి బోర్లించి ఆరబెట్టడం. ఆ పనికి వాచ్‌మన్‌కి నెలకు కొంత అదనంగా ఇవ్వాలని తీర్మానమైంది. ఆ ఒక్క తీర్మానం మీదే గంట వాదన జరిగింది! కుండీల మట్టి ఎండలో పరిచాం. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయాలని, తడి చెత్త నీళ్లు వంపి కాగితంలో చుట్టి వేయాలని లిఫ్టులో కాగితం అంటించాం. కిటికీలకు దోమల జాలీ లేనివాళ్లు వేయించుకున్నారు.

బండి అక్కతోనూ మాట్లాడాను. ఈగలు ఆమె దగ్గర పుట్టకపోయినా, అక్కడ వాలి ఇడ్లీ మీదికి వస్తే తప్పు తప్పే కదా. ఎంగిలి సంచి పోయి మూత ఉన్న డబ్బా వచ్చింది. చట్నీలకు మూతలు వచ్చాయి. వాళ్లమ్మాయి బండికి బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాను కట్టింది. గాలికి ఈగ నిలవలేదు. చవకైన ఉపాయం.

మొదటి వారం ఏమీ తగ్గలేదు. మూడో అంతస్తు ఆంటీ లిఫ్టులో కలిసినప్పుడల్లా "ఏమైందమ్మా నీ రిసెర్చి?" అని దెప్పింది. తగ్గవు మరి! అప్పటికే ఎగురుతున్నవి తమ ఆయుష్షు తీరేదాకా తిరుగుతాయి. మట్టిలో ఉన్న తొడుగులు పగులుతూనే ఉంటాయి. ఈగల విషయంలో ఇవాళ చేసిన పనికి ఫలితం మూడు వారాలకు కనబడుతుంది. ఈ సంగతి తెలియకే చాలా ఇళ్లలో మూడో రోజున విసిగి స్ప్రే డబ్బా అందుకుంటారు.

ఆ మూడు వారాలూ బండి అక్క ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేదు. పొద్దున ఇడ్లీ పెడుతూ గేటు వైపే చూసేది. భోగి నాటికి తేడా తెలిసింది. పూర్తిగా పోయాయని చెప్పను. ఇల్లన్నాక ఒకటీ అరా ఉంటాయి. కానీ భోజనానికి కూచుంటే ఒక చేత్తో తింటూ రెండో చేత్తో తోలుకునే పని తప్పింది. ప్రెసిడెంటు గారు అర్జీని ఫైల్లో అడుక్కి తోశారు. చింపారా అంటే, "ఫైల్లోంచి కాగితం తీసే అలవాటు లేదమ్మా" అన్నారు. ఆంటీ మాత్రం బండి దగ్గర ఇప్పటికీ కొనదు. పెద్దాయన కొంటాడు. ఇంటి నుంచి మూత ఉన్న స్టీలు డబ్బా తెచ్చి, పొగలు కక్కే ఇడ్లీ నాలుగు వేయించుకుని, అక్కడే మూత బిగించి పైకి తీసుకెళ్తాడు. మనవడికి.

పేరు మరచిన ఈగ

మనకు ఈగంటే 2012లో రాజమౌళి తీసిన సినిమా గుర్తొస్తుంది. పగబట్టి ఒక్కణ్నే వెంటాడిన ఈగ. నిజం ఈగకు పగలుండవు. దానికి మూత లేని డబ్బాలన్నీ ఒకటే. అంతకన్నా ముందు మన అమ్మమ్మలు చెప్పిన కథలోని ఈగ ఉంది. ఇల్లలుకుతూ అలుకుతూ తన పేరు మరచిపోయిన ఈగ. కనబడిన వాళ్లనల్లా తన పేరేమిటని అడుగుతూ ఊరంతా తిరుగుతుంది. ఎవరూ చెప్పలేరు. చివరికి గుర్రం కడుపులో ఉన్న పిల్ల చెబుతుంది. జవాబు లోపలినుంచి వస్తుంది.

మా ఇరవై ఫ్లాట్ల కథా అంతే. ఈగ ఎవరిదని గేటు బయట అందర్నీ అడిగాం. జవాబు మెట్ల కింద, మన కవర్లలోనే ఉంది. చెత్త మన గుమ్మం దాటగానే దాని మీద మన పేరు మనకే కనబడదు. అప్పుడది ఎవరో ఒకరి పేరు వెతుక్కుంటుంది. ఎక్కువసార్లు దొరికేది, తిరిగి వాదించలేని వాళ్ల పేరే.

ఈ చలికాలం మీ ఇంట్లోనూ ఈగలు మొదలైతే బజారుకెళ్లి మందు తెచ్చేముందు ఒక పది నిమిషాలు కేటాయించండి. ముందు అది ఏ ఈగో చూడండి. తర్వాత మీ చెత్త డబ్బా అడుగు, మీ నహానీ ట్రాప్ జాలీ, మీ ఫ్రిజ్ వెనక... టార్చిలైటు వేసి చూడండి. ముక్కుకి తువ్వాలు కట్టుకోవడం మరవకండేం!